రుమాలీ రొట్టెకు బీడీ వాసన

రుచిత రొట్టె ముక్క తుంచి నోటి దాకా తీసుకుపోయి ఆగింది. మళ్లీ కంచంలో పెట్టేసి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నిండు చూలాలు. దారంతా ఏ వాసన తగిలినా కడుపులో తిప్పుతోందని కారు ఆపించుకుంటూ వచ్చిన మనిషి.

"మళ్ల ఏమైంది?" అన్నాడు పక్కనున్న భర్త విక్రాంత్.

"బీడీ వాసన వస్తున్నది."

"ఏడికెల్లి? ఈడ ఎవలు తాగుతలేరు కదా."

"తాగుడు గాదు. రొట్టెకే వస్తున్నది."

విక్రాంత్ రొట్టెను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం మాడిపోయింది. "ఏయ్, ఎవలున్నరు ఇక్కడ?" అని అరిచాడు.

ఆదివారం మధ్యాహ్నం. నిర్మల్ బైపాస్ మీద ఉన్న ఆ హోటల్లో ఒక్క కుర్చీ ఖాళీ లేదు. ఆ అరుపుకు చుట్టుపక్కల టేబుళ్ల మీద మాటలు ఆగిపోయాయి. సూపర్‌వైజర్ వినోద వంటింటి గుమ్మంలో నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది.

"చెప్పండి సార్."

"మాది కరీంనగర్. భైంసాల మావోళ్ల ఫంక్షన్‌కు పోతున్నం. ఈ హోటల్ మంచిగుంటదని దోస్తులు చెప్తె ఆగినం. గిదేనా మంచిగుండుడు? చూడు. వాసన చూడు."

వినోద రొట్టెల బుట్ట అందుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మైదా వాసన, పెనం మీద అక్కడక్కడా మాడిన వాసన. అంతకు మించి ఏమీ తగల్లేదు. మరోసారి చూసింది. లేదు. కానీ కడుపుతో ఉన్న మనిషి ముక్కు చురుకుగా ఉంటుందని ఆమెకు తెలుసు, హోటల్‌కు వచ్చిన గిరాకీ చెప్పిన మాటను కాదనకూడదనీ తెలుసు.

"సారీ సార్. ఇప్పుడే వేరేవి చేయిస్త."

"వేరేవి తర్వాత. ఇవి తెచ్చింది గాయననే కదా?" విక్రాంత్ వేలు నీళ్ల జగ్గు పట్టుకుని నిలబడ్డ సర్వర్ సదానందం మీదికి పోయింది. "బీడీ తాగుకుంట తెచ్చి పెట్టినట్టున్నడు."

సదానందం జగ్గు కింద పెట్టాడు. "నేను బీడీ ముట్టలే సార్" అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. వినోద కూడా పట్టించుకోలేదు.

పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. పోయిన నెలలో ఇదే సదానందం హోటల్ డ్రెస్ మీద ఉండగానే చేతులు కడుక్కునే నల్లాల పక్కన గోడకు ఆనుకుని బీడీ ముట్టించాడు. చంటిపిల్లతో చేయి కడుక్కోవడానికి వచ్చిన ఒకామె "పిల్ల మొహం మీదికి పొగ వస్తుంది, జర అవతలికి పో అన్నా" అంటే, "గాలి అటు కొడితె నేనేం జెయ్యాలె" అన్నాడట. ఆమె మాట్లాడకుండా ఫోటో తీసుకుని వెళ్లి ఇంటర్నెట్‌లో పెట్టింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం సగం టేబుళ్లు ఖాళీగా ఉండిపోయాయి. ఓనర్ లక్ష్మీకాంతరావు తలపట్టుకుని, "వినోదా, చదువుకున్నదానివి, ఏదన్న కట్టడి పెట్టు" అన్నాడు.

వినోద పెట్టింది. డ్రెస్ మీద ఉన్నంతసేపు బీడీ గానీ సిగరెట్ గానీ ముట్టరాదు, ముట్టినవాళ్లు ఆ పూటే ఇంటికి. పెద్ద అక్షరాలతో రాసి వంటింటి తలుపుకు అంటించింది కూడా. వాళ్ల ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆమె. ఆమె చెప్పిన మాట పదిమంది నడుచుకోవాల్సిన కట్టడి కావడం అదే మొదలు. ఆ సంగతి ఇంట్లో చెబితే తల్లి బాలవ్వ వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది.

"అన్నా, జర లోపలికి రా" అంది వినోద.

వంటింటికీ హాలుకూ మధ్య ఉన్న ఇరుకు సందులో ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అటు పక్క రొట్టెల మాస్టర్ ముత్యం రుమాలీ రొట్టెను గాలిలో తిప్పి బోర్లించిన పెనం మీద పరుస్తున్నాడు. ఆదివారం రద్దీలో కాలిన రొట్టెలను మడిచి బుట్టలో సర్దే మనిషి చాలక ఆ పని వినోదే చేస్తోంది. ఇప్పుడామె లేకపోయేసరికి రొట్టెలు పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"నిజం చెప్పు. తాగినవా?"

"నా పిల్లల మీద ఒట్టు. పొద్దటి సంది ముట్టలే."

"జేబులు చూపెట్టు."

సదానందం మొహం ఎర్రబడింది. మస్కట్‌లో చాలా ఏళ్లు వంటపని చేసి వచ్చిన మనిషి, వయసులో వినోద కంటే చాలా పెద్ద. అయినా జేబులో చేయి పెట్టి ఉన్నదంతా బయటికి తీసి పక్కనున్న బల్ల మీద పెట్టాడు. సగం అయిపోయిన బీడీ కట్ట, అగ్గిపెట్టె.

"జేబుల ఉన్నది గని తాగింది లేదు. డ్యూటీ దిగినంక తోవల తాగుత. అది సుత తప్పేనా? నీ కాయితంల జేబుల ఉండద్దని రాయలేదు గదా."

"చేతులు చూపెట్టు."

అతను చేతులు ముందుకు చాపాడు. వినోద వంగి వాసన చూసింది. గిన్నెలు తోమే సబ్బు వాసన. చూస్తున్నవాళ్లకు ఎలా ఉంటుందో ఆ క్షణంలో ఆమెకు తట్టలేదు. సదానందానికి తట్టింది.

"నోరు సుత చూస్తవా?" అని నోరు బార్లా తెరిచి ఆమె మొహం మీదికి గట్టిగా ఊదాడు. వినోద ఒక అడుగు వెనక్కి వేసింది. పొద్దున తిన్న ఉల్లిగడ్డ వాసన తప్ప ఏమీ లేదు. చేతులు కడుక్కున్నాడు, నోరు పుక్కిలించుకున్నాడు, అంతే అయి ఉంటుంది అనుకుంది.

"మల్లానా సదానందం?" వెనక నుంచి లక్ష్మీకాంతరావు గొంతు. ఆయన గల్లా వదిలి వచ్చాడు. బల్ల మీది బీడీ కట్టను చూశాడు. ఇంకేమీ అడగలేదు. "వాళ్ల కాడికి పోయి చేతులు జోడించు. ఆయన ఫోన్ల వీడియో తీస్తడేమో, తియ్యనీ. తర్వాత డ్రెస్ ఇప్పి ఇంటికి పో. ఇగ రాకు."

"సార్, నేను తాగలే."

"రొట్టె తాగిందా మరి?"

సదానందం వినోద వైపు చూశాడు. ఆమె ఏదన్నా అంటుందేమోనని ఎదురుచూసిన చూపు అది. వినోద చూపు తిప్పుకుని, "ముందు వాళ్లకు మంచి రొట్టెలు పంపిద్దాం సార్, ఆకలి మీదున్నరు" అంది. "నేనే చేయించి తీసుకపోత. సదానందమన్న బుట్ట దగ్గరికి రాకుంట చూస్త."

సదానందం హాలు గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతన్ని అక్కడ నిలబెట్టారన్న సంగతి హాల్లో అందరికీ అర్థమైంది.

వినోద కొత్త బుట్ట తీసి అడుగున తెల్ల కాగితం పరిచింది. ముత్యం రొట్టె వేశాడు. ఆమె వేడివేడిగా అందుకుని, ముడతలు పోయేలా అరచేత్తో నిమిరి, మడత మీద మడత పెట్టింది. ఎప్పటికంటే శ్రద్ధగా పెట్టింది. మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వకుండా తానే తీసుకుపోయి రుచిత ముందు పెట్టింది.

రుచిత తుంచింది. వాసన చూసింది. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు, ఏడుపు మొహం పెట్టింది. "ఇది దానికంటె ఎక్కువ వస్తున్నది."

"ఏం పరాచికాలా?" విక్రాంత్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "ఆకలికి దాని కండ్లు తిరుగుతున్నయి. మీకు నవ్వులాటైంది. పిలువు మీ ఓనర్‌ను."

ఎదుటి కుర్చీలో ఉన్న అతని తల్లి ఇందిరాదేవి ఇంతసేపూ మాట్లాడలేదు. ఇప్పుడు చెయ్యి చాపి రొట్టె తీసుకుని నిదానంగా వాసన చూసింది.

"ఇది పొగ కాదురా" అంది. "తాగినోని వాసన గిట్లుండది. ఇది పచ్చి తంబాకు. మన ఊర్ల ఆడోళ్లు బీడీలు చేస్తరు చూడు, ఆ ఇండ్లల్ల గిట్లనే ఉంటది."

ఆమె ఎవరినీ ఉద్దేశించి అనలేదు. వినోద వైపు చూడను కూడా లేదు. కానీ వినోద తన చేతుల వైపు చూసుకుంది. "ఒక్క నిమిషం అమ్మా" అని ఎలా అందో, సందులోకి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

ఇంట్లో బీడీలు చేసే తల్లి బాలవ్వ, బొటనవేలు వాచి కత్తెర పట్టలేకపోతోంది. వారం నుంచీ అంతే. ఇచ్చిన తునికి ఆకుకు సరిపడా బీడీలు తీసుకుపోకపోతే కార్ఖానాలో మరుసటి రోజు ఆకు తగ్గిస్తారు, ఇంకా తగ్గితే ఇవ్వడమే మానేస్తారు. అందుకని పొద్దున లేస్తూనే వినోద ఆకు, తంబాకు పోసుకునే చాట ముందు కూర్చుంటోంది. చిన్నప్పటి నుంచి వచ్చిన పని. ఆకు కత్తిరించడం, తంబాకు చల్లి చుట్టడం, మొన మడవడం, దారం కట్టడం. పరీక్షల చదువులు కూడా ఆ చాట పక్కనే చదివింది. డ్యూటీకి వచ్చేముందు సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. బాగా రుద్ది కడుక్కుంది.

నల్లా తిప్పి మళ్లీ రుద్దుకుంది. వేళ్లు ముక్కుకు ఆనించుకుంది. ఏమీ లేదు. దానికే ఆమెకు భయం వేసింది. పుట్టిన దగ్గరి నుంచి పీల్చిన వాసన. ఉన్నా లేకున్నా ఆమె ముక్కుకు ఒకటే. డిగ్రీ కాలేజీలో పక్కన కూర్చునే అమ్మాయి ఎండాకాలం, వానాకాలం అని లేకుండా కిటికీ తెరిచే కూర్చునేది. గాలి కోసం అనుకుంది వినోద అప్పట్లో.

"ముత్యమన్నా. జర నా చేతులు వాసన చూడు."

"ఏంది మేడం, గోరింటాకు పెట్టుకున్నవా?" అని నవ్వుతూ ముత్యం వంగాడు. వంగినవాడు నవ్వుతూనే లేచాడు. "తంబాకు. రోజూ వస్తది గదా."

"రోజూ వస్తదా? మరి చెప్పలేదేందన్నా?"

"దాంట్ల చెప్పేదేమున్నది? మా ఇంటిది సుత బీడీలే చేస్తది. నాకు మా ఇంట్ల ఉన్నట్టే ఉంటది. ఇక్కడ ఎవల ఇంట్ల చేస్తలేరు?" అంటూనే అతనికి విషయం అందింది. చేతిలోని పిండి ముద్ద బల్ల మీద పెట్టాడు. "వామ్మో. గా రొట్టెలా?"

వినోద గల్లా దగ్గరికి పోయింది. లక్ష్మీకాంతరావు ఫోన్‌లో ఎవరికో సర్దిచెబుతున్నాడు. ఆయన ఫోన్ పెట్టేదాకా ఆగలేకపోయింది.

"సార్, ఆ వాసన సదానందమన్నది కాదు. నాది. పొద్దుగాల మా అవ్వతోని బీడీలు చేసి వచ్చిన. రొట్టెలు మడిచింది నేనే."

ఆయన ఫోన్ చెవి నుంచి తీసి బోర్లా పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. "ఎవలకన్న చెప్పినవా?"

"ముత్యమన్నకు తెలిసింది."

"వానికి నేను చెప్త. నువ్వు ఇగ ఎవలతోని అనకు." గొంతు తగ్గించాడు. "సూడు బిడ్డా, బీడీ తాగేటోడు ఒకడుండె, తీసేసినం అంటె గిరాకీ వింటది. మా సూపర్‌వైజరే తంబాకు చేతులతోని రొట్టెలు ముడుతది అంటె ఎవలన్న వస్తరా? అది ఫోన్లకెక్కితె మూసుకోవాలె. సదానందం ఎట్లనన్న పోయెటోడే. ఇయ్యాల కాకుంటె రేపు ముట్టిచ్చి దొరుకుతుండె. వాడు చేతులు జోడిస్తడు, వాళ్లు పోతరు. నిన్ను రేపటి సంది గల్లా మీద కూసోబెడ్త. ఫికర్ చెయ్యకు."

 ఆయన చెప్పింది అబద్ధం కూడా కాదు. నోరు మూసుకుని నిలబడితే చాలు. డ్రెస్ ఉంటుంది, పని ఉంటుంది, వాడకట్టులో బాలవ్వ మాట నిలబడుతుంది. ఇంటి పని చెప్పుకుని ఇక్కడి పని పోగొట్టుకుంటే, మళ్లీ ఆ చాట ముందుకే పోయి కూర్చోవాలి. ఈసారి తల్లికి సాయానికి కాదు, బతకడానికి.

అటు చూస్తే సదానందం అప్పటికే టోపీ తీసి చేతిలో పట్టుకుని ఆ టేబుల్ వైపు నడుస్తున్నాడు. విక్రాంత్ ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. "ఇటు చూడు. మొహం కనపడాలె. పేరు చెప్పు ముందు" అంటున్నాడు. పక్క టేబుల్ నుంచి ఎవరో "బీడీ తాగెటోని మొహం చూడరాదా" అన్నారు, ఎవరో నవ్వారు.

"నా పేరు సదానందం" అన్నాడతను.  తర్వాత ఏం చెప్పాలో తెలియక ఆగాడు. తాగలేదని చెబితే నమ్మరు, తాగానని చెబితే అబద్ధం.

"వినోదా!" అని లక్ష్మీకాంతరావు వెనక నుంచి పిలిచాడు. ఆమె వినిపించుకోలేదు. టేబుల్ దాకా వచ్చి సదానందానికీ ఫోన్‌కూ మధ్యన నిలబడింది.

"సార్, ఆయన కాదు. నేను."

"నువ్వేంది? నువ్వు బీడీ తాగుతవా?"

"తాగ సార్. చేస్త. మా అవ్వ బీడీలు చేస్తది. ఆమెకు చెయ్యి నొస్తుంటె పొద్దుగాల నేను చేసి వచ్చిన. సబ్బుతోని కడుక్కున్న, పోయిందనుకున్న. నాకు ఆ వాసన తెల్వది, చిన్నప్పటి సంది అండ్లనే పెరిగిన. రొట్టెలు మడిచింది నేను. రెండుసార్లు సుత నేనే. ఈయన మీద నెపం పెట్టింది సుత నేనే."

 విక్రాంత్ ఫోన్ దించలేదు. "అంటె మీ హోటల్ల తంబాకు చేతులతోని తిండి పెడుతున్నరన్నట్టు."

"ఇయ్యాల పెట్టిన సార్. తప్పు నాది. మీరు నా వీడియో పెట్టుకోండి, నా పేరు వినోద. ఈయనది మాత్రం తీసెయ్యిండ్రి."

"ఏం పెట్టాల్నో నువ్వు చెప్తవా?"

రుచిత చెయ్యి చాపి ఫోన్ మీద పెట్టింది. "బంజెయ్యి ఇగ. నాకు ఆకలైతున్నది. ఎవలన్న వేరేటోళ్లు చేసి తెస్తె తింట. లేకుంటె లేచిపోదాం. నీ వీడియో తింటనా నేను?"

ఇందిరాదేవి కొడుకు వైపు చూసి, "కూసోరాదు" అంది. అతను కూర్చున్నాడు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. తీసిన వీడియోను ఏం చేస్తాడో మాత్రం చెప్పలేదు.

సందులోకి వచ్చాక సదానందం టోపీ బల్ల మీద విసిరాడు. వినోద "అన్నా" అని ఏదో అనబోయింది.

"అన్న లేదు, గిన్న లేదు. నా నోరు వాసన చూసినవు గదనే అందరి ముంగట. గొడ్డును బేరం జేసినట్టు."

"తప్పయిందన్నా."

"తప్పయిందంటె అయిపాయె." గ్లాసుడు నీళ్లు గటగటా తాగాడు. తాగాక ఏదో గుర్తొచ్చినట్టు ఆమెను పైకీ కిందికీ చూశాడు. "గందుకేనా! నువ్వు పక్కపొంటి పోయినప్పుడల్లా నాకు పానం బీడీ మీదికి గుంజుడు? మాన్పిచ్చెటిదీ నువ్వే, యాదికి తెచ్చెటిదీ నువ్వే. నీ కట్టడి పాడుగాను."

ముత్యం కిసుక్కుమన్నాడు. సదానందం నవ్వలేదు. వినోదకు నవ్వు రాలేదు.

లక్ష్మీకాంతరావు సందు మొదట్లో నిలబడి ఉన్నాడు. మొహంలో కోపం దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు. "నేను చెప్పిన మాట నీకు వినరాలేదా?"

"విన్న సార్."

"అయితె ఇప్పుడొక మాట చెప్పు. ఇంటికాడ గా పని బంజేస్తవా, ఈడ గీ పని బంజేస్తవా?"

 తల్లి వాచిన వేలు, ఈ డ్రెస్, రెండూ ఒకేసారి వినోద కళ్లముందు నిలబడ్డాయి. "అవ్వ చెయ్యి నయమయ్యేదాకా నేను కూసోవాలె సార్. కూసోకుంటె ఆమెకు ఆకు బందు పెడుతరు. తిండి ముట్టద్దంటె ముట్ట. రాయమన్న చోట రాస్త, చూడమన్న చోట చూస్త. వద్దంటె పోత. సదానందమన్నను మాత్రం తీసెయ్యద్దు. ఆయన నా కట్టడి తప్పలే."

ఆయన హాలు వైపు చూశాడు. టేబుళ్లన్నీ నిండి ఉన్నాయి, గుమ్మంలో ఇంకా మనుషులు నిలబడి ఉన్నారు. "సాయంత్రం దాక గల్లా కాడ కూసో" అన్నాడు చివరికి. "దేన్నీ ముట్టకు. వీడియో సంగతి ఏమైతదో చూసి అప్పుడు మాట్లాడుత." సదానందం వైపు తిరిగి, "నిలవడ్డవేంది? వాళ్లకు రొట్టెలు తీసుకపో" అన్నాడు.

సదానందం టోపీ మళ్లీ పెట్టుకున్నాడు. మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చి ముత్యం వేసిన రొట్టెలను తానే మడిచాడు. ఆమె మడిచినంత నీటుగా రాలేదు. బుట్ట తెచ్చి వినోద మొహానికి దగ్గరగా పెట్టాడు.

"చూడు సూపర్‌వైజరమ్మా. పోవచ్చునా?"

అందులో ఎకసెక్కెం ఎంతో, నిజంగా అడగడం ఎంతో ఆమెకు తెలియలేదు. వంగి వాసన చూడలేదు.

"నాకు తెల్వదన్నా. నా ముక్కుకు తెల్వది. ముత్యమన్నకు చూపెట్టు."

సదానందం ఒక్క క్షణం ఆమెనే చూసి, బుట్ట ముత్యం వైపు తిప్పాడు. ముత్యం వాసన చూసి తలూపాడు. అతను హాల్లోకి నడిచాడు. వినోద గల్లా వెనక కుర్చీలో కూర్చుని చూస్తోంది. రుచిత తుంచింది, ముక్కు దగ్గర పెట్టుకుంది, నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తుంచింది.

"మేడం, ఇక్కడ నీళ్లు!" కిటికీ పక్క టేబుల్ నుంచి ఎవరో పిలిచారు. వినోద లేచి జగ్గు మీద చెయ్యి వేయబోయి ఆగింది. మళ్లీ కూర్చుంది.

"సదానందమన్నా, కిటికి కాడ నీళ్లు."

అతను ఇటు తిరగలేదు. "నాకున్నయి రెండే చేతులు" అన్నాడు. "వస్తున్న."